నీళ్ళతో వేసిన తలుపు

వేసవి సెలవులివ్వగానే ఇంటికి తాళం వేసి, మీరంతా అమ్మమ్మగారి ఊరికి వెళ్ళారనుకోండి. మీ ఇల్లు బంట్వారంలో ఉంది. స్నానాలగదిలో పరిచినవి తాండూరు బండలు. వెళ్ళేముందు అమ్మ వాటిని శుభ్రంగా కడిగింది కూడా. జూన్ రెండో వారంలో తిరిగి వచ్చి తాళం తీశారు. గుప్పున కుళ్ళిన కోడిగుడ్డు వాసన! ఎలుక చచ్చిందేమోనని అటకలన్నీ వెతుకుతారు. ఎలుక దొరకదు. వాసన వస్తున్నది స్నానాలగది మూలన, మోరీ జాలీ కింద నుంచి. రెండు నెలల క్రితం లేని వాసన ఇప్పుడెలా వచ్చింది? అక్కడ ఉండవలసిన కాపలాదారు లేడు కాబట్టి. ఆ కాపలాదారు ఎవరో కాదు, మామూలు నీళ్ళే.

జాలీ కింది గొట్టం ఎక్కడికి పోతుందో ముందు చూద్దాం. మన ఊళ్ళలో చాలా ఇళ్ళకు పెరట్లో సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. మరుగుదొడ్డి నీళ్ళు, కొన్ని ఇళ్ళలో స్నానాలగది నీళ్ళు కూడా అందులోకే చేరతాయి. హైదరాబాదు వంటి నగరంలోనైతే వీధికింది మురుగు కాలువలోకి పోతాయి. (మన అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ 1908 సెప్టెంబరులో పొంగి హైదరాబాదును ముంచెత్తింది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదల నుంచి రక్షణతోపాటు నగరానికి మురుగునీటి పథకం కూడా ఆయన చేతనే వేయించింది.) ట్యాంకయినా, కాలువయినా లోపల జరిగే పని ఒకటే. గాలి సోకని చోట బాక్టీరియాలు మలినాలను కుళ్ళబెడతాయి. అప్పుడు మీథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. మొదటి రెండింటికీ వాసన లేదు. కోడిగుడ్డు కంపు మూడోదానిది. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు కన్నా తక్కువ ఉన్నా మన ముక్కు దాన్ని పసిగడుతుంది.

అయితే ఈ వాయువుకు ఒక మాయదారి గుణం ఉంది. పది లక్షల పాళ్ళలో సుమారు 100 పాళ్ళకు చేరేసరికి ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. ఇంట్లోకి వచ్చేది చాలా కొద్దిగానే గానీ, మూత వేసిన ట్యాంకులో అది ప్రాణాలు తీసేంత ఉండవచ్చు. అందుకే ట్యాంకు మూత మీరు ఎత్తనే కూడదు, ఎత్తిన చోట వంగి చూడకూడదు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని అందులోకి దించడాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది.

మరి ఇన్నాళ్ళూ ఆ గాలి ఇంట్లోకి ఎందుకు రాలేదు? జాలీ కింద గొట్టం తిన్నగా పోదు. కిందికి వంగి మళ్ళీ పైకి లేచి, ఆ తరువాతే బయటికి పోతుంది. మీరు పోసిన నీళ్ళలో చివరి కొంచెం ఆ వంపులో నిలిచిపోతుంది. పైనుంచి వచ్చే నీళ్ళకు అది దారి ఇస్తుంది, కిందినుంచి వచ్చే గాలిని ఆపేస్తుంది. ప్లంబర్లు దీన్ని నహానీ ట్రాప్ అంటారు. వాష్ బేసిన్ కింది వంపూ, కమోడ్ అడుగున కనిపించే నీళ్ళూ ఇలాంటి తలుపులే. ఇలా వంపు తిరిగిన గొట్టంతో మరుగుదొడ్డికి 1775లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ కమింగ్. ఆయన ఇంజనీరు అనుకునేరు, లండన్‌లో గడియారాలు చేసే పనివాడు! తిరిగే చక్రాలు, తెరుచుకునే మూతలు ఏవీ అక్కర్లేని ఇంత తేలిక ఉపాయం గడియారాల మనిషికి తట్టడం విచిత్రమే.

ఈ తలుపుకున్న లోపం ఒక్కటే. వాడకపోతే ఆవిరైపోతుంది. ఎన్నాళ్ళలో? లెక్క వేద్దాం. వంపులో గాలికి అడ్డుగా నిలిచే నీటి లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు. ఎండాకాలంలో గదివైపు రోజుకు 2 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకోండి. 25 రోజులని తొందరపడి చెప్పకండి. గదివైపు తగ్గినప్పుడల్లా రెండో కొమ్మలోని నీరు ఇటు జరిగి మట్టం సమానమవుతుంది. ట్యాంకువైపు గాలి తేమతో నిండి ఉంటుంది కనుక అటు ఆవిరయ్యేది చాలా తక్కువ. కాబట్టి రెండు కొమ్మల్లోనూ రోజుకు ఒక్క మిల్లీమీటరే తగ్గుతుంది. అంటే 50 రోజులు. మీ వేసవి సెలవులూ ఇంచుమించు అన్నే!

కొన్ని ఇళ్ళలో ఇంకా ముందే ఎండిపోతుంది. జాలీ కింద బోర్లించిన కప్పు ఉండే రకంలో నీటి లోతు తక్కువ. నీళ్ళు త్వరగా పోవడం లేదని ఆ కప్పును తీసి పారేసేవారూ ఉన్నారు. అది ద్వారబంధం ఉంచి తలుపు పీకేయడమే. తుడుపుగుడ్డ పోగో, వెంట్రుకల చిక్కో వంపు అంచుమీద వేలాడినా చాలు. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు అది నీళ్ళను చుక్కచుక్కగా అవతలికి లాగేస్తుంది.

వాసన ఒక్కటే అయితే ముక్కు మూసుకుని సరిపెట్టుకోవచ్చు. 2003 మార్చిలో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే బహుళ అంతస్తుల భవనాల్లో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకింది. మిగతా భవనాలకన్నా ఒక భవనంలో ఎక్కువమందికి సోకింది. రోగి మలం ద్వారా వైరస్ మురుగు గొట్టాల్లోకి చేరింది. అక్కడివారు స్నానాలగది నేలను నీళ్ళు పోసి కడగడం మాని తడిగుడ్డతో తుడిచేవారు. దాంతో చాలా ఇళ్ళలో నేల మోరీల వంపులు ఎండిపోయాయి. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది గదిలో గాలిని బయటికి తోస్తుంది గదా? ఆ ఖాళీలోకి గొట్టంలోని గాలి, దానితోపాటు వైరస్ ఉన్న సన్నని తుంపరలు వచ్చిపడ్డాయి. వ్యాధి అంతగా పాకడానికి దర్యాప్తులో తేలిన ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

ఇంత కథకూ మందు ఒక మగ్గు నీళ్ళు! వాడని గదిలోని మోరీలో వారానికోసారి రెండు మగ్గులు పోస్తే సరి. ఫినాయిల్ వాసనను కప్పిపెడుతుందే తప్ప తలుపు వేయదు. నీళ్ళు పోశాక కూడా కంపు తగ్గకపోతే గొట్టం పగిలిందో, ఇంటి కప్పు మీదికి పోయే గాలి గొట్టం పూడిపోయిందో ప్లంబరు చూడాలి.

ఎక్కువ రోజులు ఊరికి వెళ్ళేటప్పుడు నీళ్ళు నింపి, పైన మూడు చెంచాల నూనె పోయండి. 10 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో అది సుమారు 2 మిల్లీమీటర్ల పొరగా పరుచుకుని ఆవిరిని ఆపుతుంది. వంటనూనె కొన్నాళ్ళకు చిక్కబడి కంపు కొడుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ మేలు. కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది, వికారాబాదు చలికి మోరీలో తెల్లని బిరడా తయారవుతుంది.

రెండు ఒకేలాంటి గాజుగ్లాసులు తీసుకుని సమానంగా నీళ్ళు పోయండి. ఒకదానిలో చెంచాడు నూనె వేయండి. మట్టాల దగ్గర గీతలు గీసి, రెంటినీ మీ స్నానాలగది మూలన వారం రోజులు ఉంచండి. నూనె లేని గ్లాసులో ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో కొలిచి, ఏడుతో భాగించి, అందులో సగం తీసుకోండి. 50ని ఆ అంకెతో భాగిస్తే మీ ఇంటి తలుపు ఎన్ని రోజులు నిలుస్తుందో తెలుస్తుంది. మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఆగస్టులో ఒకసారి చేసి చూడండి.