ప్రశ్నలోకి ‘డు’ ఎందుకొస్తుంది?

“యూ లైక్ కాఫీ” అన్న వాక్యాన్ని ప్రశ్నగా మార్చాలంటే ముందు ‘డు’ పెట్టమంటారు. కాఫీ ఇష్టమా అని అడగడంలో చేసే పని ఏముంది?

ఏమీ లేదు. ఇక్కడి ‘డు’కి చేయడమనే అర్థం లేదు. “వాట్ డు యూ డు?” అన్న వాక్యం చూడండి. చివరి ‘డు’ది పని, మొదటి దానిది కేవలం ప్రశ్న.

మనం వాక్యం చివర ఒక దీర్ఘం తీస్తే చాలు, ‘వచ్చాడు’ కాస్తా ‘వచ్చాడా’ అవుతుంది. ఇంగ్లీషులో ఆ పని పదాల వరస చేయాలి. కర్తకు ముందు ఏదో ఒక క్రియ నిలబడాలి. పూర్వం అసలు క్రియే ముందుకొచ్చేది. జర్మన్‌లో ఇప్పటికీ అంతే. షేక్‌స్పియర్ నాటకాల్లో పాత పద్ధతీ, ‘డు’ పద్ధతీ రెండూ కనిపిస్తాయి. లేదని చెప్పే వాక్యాల్లోనూ ‘డు’ ఉండేది కాదు: 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో “ఐ నో నాట్” లాంటివి ఎన్నో. తర్వాత కాలంలో అసలు క్రియ కర్త వెనకే స్థిరపడిపోయి, ముందుచోటు ‘డు’కి దక్కింది. ఈ మార్పుకు కారణమేమిటన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. పొరుగున ఉన్న వెల్ష్, కార్నిష్ భాషల ప్రభావమని కొందరి వాదన.

మనవాళ్లు తరచూ తడబడేది “డిడ్ యూ వెంట్?” దగ్గర. నిన్నటి సంగతి కదా, ‘వెంట్’ తప్పెలా అవుతుందని అడుగుతారు. ఒకసారి మన మాటే గమనించండి. ఫోన్ చేశాడు, ఫోన్ చేస్తుంది, ఫోన్ చెయ్యరు. ‘ఫోన్’ ఎక్కడా మారలేదు. కాలం, లింగం, వచనం, లేదనడం, అన్నీ ‘చేయు’ మీదే పడ్డాయి. ‘డు’ కూడా అంతే. భూతకాలాన్ని ‘డిడ్’ తీసేసుకున్నాక వెనకున్న క్రియ మామూలు రూపంలో ‘గో’గానే ఉంటుంది. “షీ లైక్స్”లోని చివరి ‘స్’ని ‘డజ్’ తీసుకుంటుంది కాబట్టి “డజ్ షీ లైక్?” అనాలి. (పలకడం ‘డజ్’ అనే, ‘డస్’ అని కాదు.)

ఈజ్, కెన్, విల్ వంటివి తామే ముందుకు రాగలవు, వాటికి సాయం అక్కర్లేదు. “హూ కేమ్?”లో ప్రశ్నపదమే కర్త. అది ఎలాగూ ముందే ఉంది గనక అక్కడా ‘డు’ రాదు.

బడిలో దీన్ని సూత్రంగా బట్టీ పట్టించడం కన్నా, నొక్కి చెప్పే వాక్యంతో మొదలుపెట్టడం మేలని నా గట్టి నమ్మకం. వెళ్లనే లేదని ఎవరైనా అంటే, “లేదు, వెళ్లాడు” అని గట్టిగా చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు “హి డిడ్ గో” అంటారు. “హి వెంట్”లో దాగి ఉన్న ‘డిడ్’ ఇక్కడ బయటపడుతుంది. దాన్ని ముందుకు జరిపితే “డిడ్ హి గో?”, పక్కన ‘నాట్’ చేరిస్తే “హి డిడ్ నాట్ గో”. ఈట్స్, కేమ్, సా, బాట్ — ఒక్కొక్క క్రియనూ ఇలా మూడు రకాలుగా పైకి పలుకుతూ సాధన చేయించండి.