పన్నెండు వోల్టుల టీవీ

క్యాతగానచెర్లు చుట్టూ ఒకప్పుడు శెనక్కాయ సాళ్లున్న నేలలో ఇప్పుడు సోలార్ ప్లేట్ల సాళ్లున్నాయి. పావగడ తాలూకా పేరుకు తుమకూరు జిల్లాది, కర్ణాటకది. కానీ దాదాపు చుట్టూ ఆంధ్ర నేలే, ఇళ్లలో వినిపించేది ఎక్కువగా తెలుగే. ఈ ఊరితో పాటు తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, రాయచెర్లు గ్రామాల రైతులు భూములు అమ్ముకోకుండా సోలార్ పార్కుకు కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలైన కౌలు అది. 2018 జనవరిలో 600 మెగావాట్లతో మొదలైన ఆ సోలార్ పార్కు 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. సుమారు 13 వేల ఎకరాలు. వాన మొహం చాటేసే సీమలో ఎండే పంట అయింది.

ఆ పంట ఇంటికి చేరే దారి చూడండి. ప్లేటు మీద ఎండ పడగానే పుట్టేది డీసీ కరెంటు, అంటే ఒకే దిక్కుకు పారేది. దాన్ని ఇన్వర్టర్లు ఏసీగా, అంటే సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటుగా మారుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లు మెట్టు మెట్టుగా 220, 400 కిలోవోల్టులకు పెంచుతాయి. పెద్ద టవర్ల మీద ఎక్కడికో పోయి, మళ్లీ మెట్టు మెట్టుగా దిగి, 230 వోల్టులై మన గోడలోని ప్లగ్గుకు వస్తుంది. అక్కడ టీవీ పెట్టామనుకోండి. టీవీ మొట్టమొదట చేసే పని ఆ ఏసీని తిరిగి డీసీగా మార్చుకోవడమే. చిన్న ఎల్ఈడీ టీవీ లోపల తిరిగేది చాలావరకు 12 వోల్టులు, అంతకన్నా తక్కువ. డీసీగా పుట్టి డీసీగానే పనిచేసే కరెంటుకు నడుమ ప్రయాణమంతా ఏసీ వేషం. దూరం పోవాలంటే సాధారణంగా ఆ వేషం తప్పదు. దగ్గర్లోనే వాడుకుంటే మాత్రం అవసరం లేదు.

లైను రాని తోటలో కాపలా కొట్టం ఉంటుంది. గొర్రెల మంద వెంట పోయేవాళ్ల గుడిసె ఉంటుంది. గోదావరి మీద లాంచీ, కాకినాడ నుంచి రోజుల తరబడి వేటకు పోయే మరబోటు ఉంటాయి. మెట్ట చేనుకూ సముద్రానికీ పోలికే లేదు. కానీ పొద్దు గూకాక రెండుచోట్లా మనిషి దగ్గర మిగిలే కరెంటు ఒక్కటే, బ్యాటరీలో దాచుకున్నది. ఆ కాస్త కరెంటుతో బతకడం నేర్చుకున్న యంత్రం పన్నెండు వోల్టుల టీవీ. దాన్ని కొనే ముందు దాని జీవితం తెలుసుకోవాలి.

గాజు బుడ్ల నుంచి

తొలినాటి టీవీల్లో వాల్వులుండేవి. ఎర్రగా కాలే తీగ ఉన్న గాజు బుడ్లు అవి. వాటిని వేడెక్కించడానికే బోలెడు కరెంటు ఖర్చయ్యేది, పనిచేయించడానికి వందల వోల్టులు కావాలి. అలాంటి టీవీని బ్యాటరీతో నడపడం గంపతో నీళ్లు మోయడమే.

ట్రాన్సిస్టరు వచ్చాక కథ మారింది. దానికి వేడెక్కే తీగ లేదు, కొద్ది వోల్టులు చాలు. 1959లో అమెరికాలో ఫిల్కో సంస్థ ‘సఫారీ’ అనే బ్యాటరీ టీవీ తెచ్చింది. దాని తెర రెండంగుళాలే. అద్దంతో బొమ్మను పెద్దది చేసి చూపించేది. మరుసటి ఏడాది జపాన్‌లో సోనీ ఎనిమిది అంగుళాల ట్రాన్సిస్టరు టీవీని విడుదల చేసింది. రెండు 6 వోల్టుల సీసం బ్యాటరీలు కలిపితే అది నడిచేది. ఆరూ ఆరూ పన్నెండు. కార్లలో అప్పటికే స్థిరపడుతున్న 12 వోల్టుల బ్యాటరీతో ఆనాడు పడిన ముడి ఇప్పటికీ విడలేదు.

అయితే ఒక చిక్కుంది. పాత టీవీ తెర అంటే పెద్ద గాజు గొట్టం. దాని వెనక నుంచి ఎలక్ట్రాన్లు దూసుకొచ్చి తెరకు కొట్టుకుంటేనే వెలుగు. అందుకు పది వేల వోల్టులైనా కావాలి. బ్యాటరీ ఇచ్చేది పన్నెండే. మరి ఎలా?

బోరు మోటారు ఉన్న రైతుకు ఇది చెప్పక్కర్లేదు. గొట్టంలో నీళ్లు జోరుగా పారుతున్నప్పుడు వాల్వు టక్కున మూస్తే గొట్టం ‘ధన్’ మని అదురుతుంది. పారే నీళ్ల ఊపంతా ఒక్కసారిగా ఒత్తిడిగా మారడమే ఆ అదురు. తీగచుట్టలో పారే కరెంటును ఒక్కసారిగా కట్ చేసినా అంతే, వోల్టేజీ ఎగిసిపడుతుంది. టీవీలో ట్రాన్సిస్టరు ఈ పనిని సెకనుకు 15,625 సార్లు చేస్తుంది. మన దేశపు 625 గీతల బొమ్మకు సరిపడే లెక్క అది. అలా ఎగిసిన వోల్టేజీని ట్రాన్స్‌ఫార్మర్ మరింత పెంచి గొట్టానికి అందిస్తుంది. పాత టీవీ పెట్టగానే పిల్లల చెవులకు వినిపించిన సన్నటి కీచు ఆ తీగచుట్టదే.

హైదరాబాదు నుంచి పల్లెలకు

మన ప్రాంతంలో ఈ యంత్రం కథ ఈసీఐఎల్‌తో మొదలవుతుంది. 1967లో హైదరాబాదులో స్థాపించిన ఆ ప్రభుత్వ సంస్థకు ఆద్యుడు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. మన దేశంలోనే రూపకల్పన చేసిన ట్రాన్సిస్టరు టీవీ ఆ సంస్థ నుంచి ‘ఈసీ’ పేరుతో వచ్చింది.

1975 ఆగస్టు 1న మొదలై ఏడాది పాటు జరిగిన ‘సైట్’ ఉపగ్రహ టీవీ ప్రయోగానికి గ్రామాల టీవీలు తయారుచేసింది కూడా ఈసీఐఎలే. అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా బొమ్మ వచ్చింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. కార్యక్రమాలు హిందీ, ఒడియాలతో పాటు తెలుగు, కన్నడాల్లోనూ వచ్చాయి. కోళ్ల దడికి కట్టే జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు ఆకాశం నుంచి సంకేతాన్ని పట్టేది. పట్నానికి టీవీ అందిన తర్వాతే పల్లెకు అందాలన్న నియమం ఏదీ లేదని ఆ ప్రయోగం చాటింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరులో, ఆ పల్లెలు టీవీ చూసిన రెండేళ్లకు.

ఎనభైల్లో 12, 14 అంగుళాల నలుపు తెలుపు టీవీలు ఊరూరా చేరాయి. లోపలి సర్క్యూట్లు నడిచేది 12 వోల్టుల దరిదాపుల్లోనే కాబట్టి చాలా సెట్ల వెనక బ్యాటరీ తగిలించే రంధ్రం ఉండేది. 1987 జనవరి నుంచి 1988 జులై దాకా ఆదివారం పొద్దున ‘రామాయణ్’ వచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ రంధ్రం విలువ తెలుసు. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీ ఊడదీసి మోసుకొచ్చేవాళ్లు. ఎర్ర క్లిప్పు ఒకవైపు, నల్ల క్లిప్పు ఒకవైపు. బొమ్మ రాగానే అరుగు మీద చప్పట్లు.

రంగు దూరం చేసింది, ఎల్ఈడీ కలిపింది

1982లో మన దేశంలో రంగుల ప్రసారం మొదలైంది. రంగుల గొట్టానికి ఒక్క ఎలక్ట్రాన్ తుపాకీ చాలదు, మూడు కావాలి. పైగా తెర వెనక సన్నటి రంధ్రాల లోహపు రేకు ఒకటుంటుంది. ఏ ఎలక్ట్రాన్ ఏ రంగు చుక్కకు తగలాలో తేల్చేది అదే. దూసుకొచ్చే ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం ఆ రేకుకే తగిలి వేడిగా వృథా అవుతాయి. అందుకే ఇరవై అంగుళాల రంగుల టీవీ డెబ్భై, వంద వాట్లు తాగేది. అంత దాహానికి చిన్న బ్యాటరీ చాలదు. రంగు వచ్చింది, టీవీ మళ్లీ గోడకు కట్టుబడిపోయింది.

దాన్ని విడిపించింది ద్రవస్ఫటికం, ఎల్‌సీడీ. ఎల్‌సీడీ తెర సొంతంగా వెలగదు. వెనక దీపానికి అడ్డుపడే లక్షలాది బుల్లి తలుపులుంటాయి, అవి తెరుచుకుని మూసుకుంటూ బొమ్మ గీస్తాయి. తలుపు కదపడానికి పెద్దగా కరెంటు అక్కర్లేదు. ఖర్చంతా వెనక దీపానిదే. మొదట్లో ఆ దీపం సన్నటి ట్యూబులైటు, దానికి వందల వోల్టులు కావాలి. తర్వాత ఎల్ఈడీలు వచ్చాయి. నీలి ఎల్ఈడీని సాధించిన, జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. నీలి వెలుగుకు పసుపు పూత కలిస్తే తెల్లటి వెలుగు. ఈ వెలుగుతో 24 అంగుళాల రంగుల టీవీ పాతిక వాట్ల చుట్టుపక్కలకు దిగింది. వాడుకునే కరెంటులో ఆనాటి 14 అంగుళాల నలుపు తెలుపు టీవీతో పోల్చదగ్గ స్థాయికి వచ్చింది. బ్యాటరీతో పాత చుట్టరికం మళ్లీ కలిసింది.

ఎంచుకునేటప్పుడు

దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని అంగుళాలు?’ బ్యాటరీ మీద బతికే ఇంటికి, పడవకు అది రెండో ప్రశ్న. మొదటిది ‘ఎన్ని వాట్లు తాగుతుంది?’

బ్యాటరీని కడవ అనుకోండి. 12 వోల్టుల, 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 480 వాట్-అవర్లు ఉంటాయి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తరుగుతుంది. కాబట్టి మన చేతికొచ్చేది 240. టీవీ 24 వాట్లు, సెట్‌టాప్ బాక్సు 6 వాట్లు అనుకుంటే మొత్తం 30. అంటే ఎనిమిది గంటలు. అదే టీవీని ఇన్వర్టరు పెట్టి 230 వోల్టులతో నడిపి, ఆ ఇన్వర్టరు తన కూలీగా 10 వాట్లు తీసుకుంటే ఆరు గంటలే వస్తుంది. డీసీని ఏసీ చేసి మళ్లీ డీసీ చేసినందుకు రెండు గంటల బొమ్మ పోయినట్టే.

రోజుకు మూడు గంటలు చూస్తే 90 వాట్-అవర్లు. అయిదు గంటల నిండు ఎండ లెక్కేసుకుంటే 40 వాట్ల ప్లేటు 200 ఇస్తుంది. దుమ్ము, వేడి, మబ్బు తీసేసినా సరిపోతుంది.

రెండో సంగతి, పన్నెండు వోల్టుల బ్యాటరీ ఎప్పుడూ పన్నెండు మీద నిలవదు. నిండుగా ఉన్నప్పుడు 12.7, చార్జి అవుతుండగా 14.4, అలసిపోయినప్పుడు 11కి దగ్గర. అడాప్టరుతో వచ్చే ఇంటి టీవీ కచ్చితమైన 12 కోసం తయారైంది. ఇంజను నడుస్తుండగా 14.4 వోల్టులు తగిలితే కొన్ని తట్టుకుంటాయి, కొన్ని కాలిపోతాయి. అందుకే వెనక లేబులు మీద 9 నుంచి 16 లేదా ఆ మాదిరి విస్తృతి రాసి ఉన్న టీవీ చూడాలి. లేకపోతే మధ్యలో 12 వోల్టుల దగ్గర నిలకడగా పట్టే డీసీ కన్వర్టరు పెట్టాలి. లారీల్లో, పెద్ద బోట్లలో ఉండేది 24 వోల్టులు. అక్కడ కన్వర్టరు లేకుండా ఈ టీవీని తగిలించకూడదు.

మూడోది తీగ. 24 వాట్లకు 230 వోల్టుల దగ్గర పదో వంతు ఆంపియర్ చాలు, 12 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లు కావాలి. బ్యాటరీ పది మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ ఇరవై మీటర్ల తీగ. అది 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నపు రాగి తీగ అయితే దారిలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. ఆ చదరపు మిల్లీమీటర్లు రెట్టింపైతే నష్టం సగం. బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. చిన్న బ్యాటరీ అయినా తీగలు కలిసిపోతే గుడిసెను తగలబెట్టగలదు.

నాలుగోది బొమ్మ వచ్చే దారి. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కొన్ని వ్యూహాత్మక ప్రాంతాల్లో తప్ప 2022 మార్చి నాటికి ఆపేశారు. కాబట్టి కడ్డీ యాంటెనా పాత టీవీని ముచ్చటపడి కొంటే తెర మీద మిగిలేది చుక్కల గోలే. తోట కొట్టానికి నెలసరి రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ చక్కటి తోడు. చాలా సెట్‌టాప్ బాక్సులకు వచ్చేది కూడా 12 వోల్టుల అడాప్టరే, లేబులు చూసి బ్యాటరీకి కలుపుకోవచ్చు. గొడుగు మీది పరికరానికి కావలసిన 13, 18 వోల్టులను బాక్సే తయారుచేసుకుంటుంది. కదిలే పడవలో మాత్రం గొడుగు దిక్కు నిలవదు. రేవులో కట్టేసినప్పుడు నీళ్లు నిలకడగా ఉంటే చూడొచ్చు. వేటలో ఉండగా చూడాలంటే పెన్‌డ్రైవ్‌లో నింపుకున్న సినిమాలే దిక్కు. అందుకే యూఎస్‌బీ రంధ్రం ఉన్న టీవీ కొనాలి.

పడవకు మరో రెండు జాగ్రత్తలున్నాయి. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, దిక్సూచికి దూరంగా బిగించాలి. రెండోది ప్రాణానికి సంబంధించింది. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీ, టీవీ నడిపే బ్యాటరీ వేర్వేరుగా ఉండాలి. స్టార్టింగు బ్యాటరీ కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి పుట్టింది, రాత్రంతా కొద్దికొద్దిగా ఇవ్వడానికి కాదు. ఆనాడు ఆదివారం టీవీకి పెట్టిన ట్రాక్టరు బ్యాటరీ సోమవారం మొండికేస్తే చేను ఒకరోజు ఆగేది, అంతే. నడిసముద్రంలో ఇంజను మొండికేస్తే ఒడ్డున ఎదురుచూసే ఇల్లుంటుంది.

క్యాతగానచెర్లు ప్లేట్ల కరెంటు నగరాలకు పోవాలి, పోతుంది, అందుకు ఆ టవర్లు కావాలి. అదే ఎండ తోటలో కొట్టం కప్పు మీదా పడుతుంది. అక్కడ పట్టుకుంటే నాలుగడుగుల తీగ చాలు, వేషాలు అక్కర్లేదు. దుకాణంలో తెర మీది రంగులు చూపిస్తూ ఎంత ఊరించినా, టీవీని ఒకసారి వెనక్కి తిప్పమనండి. ఆ చిన్న లేబులు మీది వోల్టులు, వాట్లు చదవండి. రాత్రికి మీ కడవలోని నీళ్లు ఎంతసేపు వస్తాయో తేల్చేవి ఆ రెండు అంకెలే.