మతి మందు - ఇంటివారి బాధ్యత

ఇంట్లో ఒకరికి మతి చలిస్తే ఆ మాట గడప దాటనివ్వరు మనవాళ్ళు. ఆడపిల్లల సంబంధాలు చెడతాయని భయం. అందుచేత మందు సంగతి కూడ ఎవరినీ అడుగరు. మేము గుమాస్తా పని చేసుకొనేవాళ్ళమే గాని వైద్యులము కాము. అయినా చదివి గ్రహించినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఈ మందులలో మొదటిది క్లోర్‌ప్రోమజీన్; లార్గాక్టిల్ అన్న పేరే పెద్దలకు జ్ఞాపకం. ఫ్రాన్సులో ఆన్రీ లబొరీ అనే శస్త్రవైద్యుడు ఆపరేషన్ రోగులకు దీనిని వాడి, వారిలో ఆందోళన తగ్గటం గమనించాడు. 1952లో పారిస్ సేంట్ ఆన్ ఆస్పత్రిలో డిలే, డెనికర్ అనే వైద్యులు మతి చలించినవారికి ఇచ్చి గుణం చూచారు. మన దేశంలో 1931లోనే గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు గార్లు సర్పగంధి వేరును గురించి ఇటువంటి విషయమే ప్రకటించి యున్నారు. ఇంత జరిగినా, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొని 28 మంది రోగులు మరణించారు. వారిని గొలుసులతో కట్టి ఉంచారు!

మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనిని ఈ మందు అణచుతుంది. లేని మాటలు వినబడటం, అందరి మీద అనుమానం, పట్టరాని ఉద్రేకం తగ్గుతాయి. తగ్గని ఎక్కిళ్ళకు కూడ ఇస్తారు. కనుక చీటీలో ఈ పేరు చూచి ఎవరికీ పిచ్చి అంటగట్టరాదు.

మగత, నోరెండటం, మలబద్ధం సాధారణం. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి గనుక మంచం అంచున కాసేపు కూర్చుండి లేవవలెను. ఎండకు చర్మం కమలుతుంది.

అసలు చిక్కు వేరే ఉన్నది. అవయవాల కదలికను నడిపేదీ ఆ డోపమైనే. అందువల్ల చేతులు వణకుతాయి, ముఖం కొయ్యబొమ్మవలె బిగుస్తుంది. కొందరికి మొదటి రోజులలోనే మెడ ఒక ప్రక్కకు లాగి, కనుగ్రుడ్లు పైకి పోతాయి. దయ్యం పట్టిందని వేపమండలు తెచ్చేది అప్పుడే! వైద్యుడు ఒక ఇంజెక్షనిస్తే త్వరలోనే సర్దుకొంటుంది. మరికొందరు ఒకచోట కూర్చోలేక తిరుగుతూనే ఉంటారు. రోగం ముదిరిందనుకొని ఇంటివారు ఇంకొక మాత్ర వేస్తారు. బాధ ఇంకా హెచ్చుతుంది. ఏండ్ల తరబడి వాడినవారిలో నాలుక, పెదవులు వాటంతట అవే కదలటమూ కలదు. తీవ్రమైన జ్వరంతో ఒళ్ళు కొయ్యబారితే మాత్రం క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి పోవలెను.

తరువాత వచ్చిన ఓలాంజపిన్ వంటి వాటిలో వణుకు తక్కువ, ఒళ్ళు పెరగటం, చక్కెర వ్యాధి భయం ఎక్కువ. క్లోజపిన్ వాడేవారికి రక్తపరీక్ష తప్పదు.

కొంత నెమ్మదించగానే మందు మానేయటం మన ఇండ్లలో పరిపాటి. మానిన మర్నాడే ఏమీ కాదు, అదే మోసం. కొన్ని నెలలకు రోగం తిరుగబెడితే మందు పని చేయలేదంటారు. తగ్గించటమైనా మానటమైనా వైద్యుని చేతిమీదుగా జరగవలెను. తెలియకుండా సాంబారులో కలిపి పెట్టేవారున్నారు. అది తెలిసిననాడు రోగి అన్నమే ముట్టడు.

బెంగుళూరులో నిమ్‌హాన్స్, చెన్నైలో కీల్పాక్ ఆస్పత్రి ఉన్నవి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వపు టెలిమానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చును. మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములో వ్రాసిన చీటీ దగ్గర పెట్టుకొని పిలవండి.