భోంగా లేని గిరణీ

మన సోలాపూర్ తూర్పు పేటల్లో ఇప్పుడు ఇంటికొక పిల్లో పిలగాడో కంప్యూటర్ చదువు చదువుతున్నారు. తాత గిరణీలో, నాయన పవర్‌లూమ్ మీద, అమ్మ బీడీల చాట ముందు కూర్చున్న ఇండ్లలోంచే ఈ పిల్లలు పూనా, బెంగుళూరు, హైదరాబాద్ పోతున్నారు. పగారు ఎంత అని అందరూ అడుగుతారు. పని ఎట్లాంటిది అని అడిగేవాళ్ళు తక్కువ. అందుకే ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ పని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతే. కానీ గిరణీలో మూడు పాళీలూ చేసినోణ్ణి, చాకిరీ అంటే ఏందో ఎరుక.

మా చెల్లెలి బిడ్డ పూనాలో అట్లాంటి కంపెనీలో ఐదేండ్లు చేసింది. కంపెనీ పేరు మనకు అవసరం లేదు. ఆమె చెప్పిన సంగతులు, చదివి వినిపించిన సంగతులు కలిపి ఇది రాస్తున్నాను.

ముందు పని ఏందో చూద్దాం. అమెరికాలో పెద్ద ఆసుపత్రికి పోతే రోగి పేరు, రోగం, రక్తపరీక్ష, మందు, బిల్లు అన్నీ కంప్యూటర్లోనే ఉంటాయి. కాగితాలు వదిలి కంప్యూటర్‌కు మారే ఆసుపత్రులకు డబ్బు సాయం ఇస్తామని అక్కడి సర్కారు 2009లో చట్టం చేసింది. దాంతో ఈ పని బాగా పెరిగింది. ఒక ఆసుపత్రి పాత పద్ధతి ఆపి కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే రోజును ‘గో లైవ్’ అంటారు. మనం కొత్త సాంచాలు బిగించి మొదటిసారి పట్టా ఎక్కించినట్టు అన్నమాట. తేడా ఒక్కటే. సాంచాను ఆపి పోగు ముడి వేయొచ్చు. ఆసుపత్రిని ఆపలేం. రోగులు వస్తూనే ఉంటారు. మందు కొలతలో ఒక్క సున్నా ఎక్కువైతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ భయమే మా పిల్లకు అన్నిటికంటే బరువు అయింది. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి. గో లైవ్ ఉన్న వారాల్లో రాత్రి ఎనిమిదికి కూర్చుంటే తెల్లారి ఎనిమిదికి లేచేది. పండుకున్నాక కూడా ఫోను మోగేది. ఒకసారి దివాళీకి ఇంటికి వచ్చి, లక్ష్మీపూజ నడుస్తుంటే లేచి కంప్యూటర్ ముందుకు పోయింది. నేను అడిగితే ఇట్లా చెప్పింది: “మామా, నీకు భోంగా ఉండె. అది కూస్తే పోతుంటివి, మళ్ళీ కూస్తే వస్తుంటివి. నా భోంగా నా జేబులనే ఉన్నది. ఎప్పుడు కూస్తదో తెల్వదు.”

అట్లని ఆ పనిలో సుఖం లేదనుకోవద్దు. ఆ పగారుతోనే మా చెల్లె ఇంటి అప్పు తీరింది, తమ్ముడి ఫీజు కట్టింది. తాను సరిచేసిన ఒక తప్పు వల్ల రోగికి వేరే మందు పడకుండా ఆగిందని అక్కడి నర్సు కబురు పంపితే, ఆ రోజు అందరికీ పేడాలు పంచింది. చివరికి నిద్ర చెడి, తలనొప్పి పట్టి, వేరే ఉద్యోగం చూసుకుంది.

ఈ రంగంలో అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ ఎపిక్. జూడిత్ ఫాక్నర్ అనే ఆమె 1979లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలుపెట్టింది. ఇప్పుడు అది వెరోనా అనే చిన్న ఊర్లో వెయ్యి ఎకరాలకు పైగా జాగాలో ఉంది. పిల్లల కథల్లో ఉండే కోటల్లాంటి భవనాలు కట్టారు. ఐదేండ్లు నిండినవాళ్ళకు నాలుగు వారాలు జీతంతో సెలవు ఇస్తారు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పిల్లలను ఎక్కువ తీసుకుని, తామే నేర్పి, ఆసుపత్రులకు పంపుతారు. అక్కడ చేసి వచ్చినోళ్ళలో చాలామంది మంచీ చెడ్డా రెండూ చెబుతారు: చిన్న వయసులోనే పెద్ద బాధ్యత, మంచి జీతం, దాంతోపాటే పొడుగు గంటలు, మాటిమాటికి ప్రయాణాలు. 2020 ఆగస్టులో కరోనా నడుస్తుంటే అందరూ ఆఫీసుకు రావాలని కంపెనీ చెప్పింది. ఉద్యోగులు గట్టిగా మాట్లాడితే ఆ మాట వెనక్కి తీసుకుంది. నలుగురూ కలిసి మాట్లాడితే ఎంత బలమో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కానీ అదే కంపెనీది ఇంకో సంగతి ఉంది. అది కార్మికులం తెలుసుకోవాలి. అమెరికా చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. కొన్ని రకాల జీతగాళ్ళకు మాత్రం ఆ లెక్క వర్తించదు. ఎపిక్‌లో సాఫ్ట్‌వేర్ గురించి రాతపని చేసే ఒక ఉద్యోగి, మాకూ ఓవర్‌టైం రావాలని తనలాంటివాళ్ళందరి తరఫున కోర్టుకు పోయాడు. అంతకుముందే, 2014 ఏప్రిల్‌లో, కంపెనీ కొందరు ఉద్యోగులకు ఒక ఈమెయిల్ పంపి ఉంది. కూలి తగాదా ఏదైనా ఉంటే కోర్టుకు పోకూడదు, గుంపుగా రాకూడదు, ఒక్కొక్కరే మధ్యవర్తి ముందు తేల్చుకోవాలని అందులో ఉంది. పనికి వస్తూ ఉంటే ఒప్పుకున్నట్టే అని కూడా ఉంది. కింది కోర్టుల్లో ఉద్యోగి గెలిచాడు. 2018 మే 21న అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పు చెప్పి, అట్లాంటి ఒప్పందం చెల్లుతుందన్నది. ఒక్కడి బాకీ చిన్నదైతే, దానికోసం ఒక్కడే పోరాడేదెట్లా? నలుగురు న్యాయమూర్తుల తరఫున జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ రాసిన భిన్నమైన తీర్పులో ఆ బాధే ఉంది.

మా కాలంలో ఫ్యాక్టరీ చట్టం ఉండె. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు, దాటితే రెట్టింపు కూలి. బోనస్ తక్కువైతే ఒక్కడు పోయి అడగలేదు, ఖాతా ఖాతా కలిసి గేటు ముందు కూర్చున్నది. ఆ హక్కులు ఎవరో దయతో ఇచ్చినవి కావు. కంప్యూటర్ పిల్లలకూ ఇప్పుడు ఆ అవసరం తెలుస్తున్నది. కర్ణాటకలో ఐటీ ఉద్యోగుల యూనియన్ 2017లోనే నమోదైంది.

అందుకని మన పిల్లలు సంతకం పెట్టే ముందు ఈ మాటలు అడిగించండి. వారానికి ఎన్ని గంటలు? రాత్రి పాళీ ఎన్ని నెలలు, దానికి వేరే డబ్బు ఉందా? సెలవు రోజున పిలిస్తే బదులు సెలవు ఇస్తారా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? మానేశాక వేరే కంపెనీలో చేరడానికి అడ్డం ఉందా? తగాదా వస్తే ఎక్కడికి పోవాలి? చేరిన తర్వాత వచ్చే కాగితాలు, ఈమెయిళ్ళు కూడా చదివి దాచుకోవాలి. చేసిన గంటలు రోజూ ఒక వహీలో రాసుకోవాలి.

ఇంట్లో ఉన్న మనం చేయాల్సింది కూడా ఉంది. పగలు పండుకున్న పిల్లను సోమరి అనొద్దు. గిరణీలో రాత్రి పాళీ చేసి వచ్చినప్పుడు మన ఆడోళ్ళు పిల్లలను గల్లీలోకి పంపి, చప్పుడు కాకుండా చూసి మనల్ని నిద్రపోనిచ్చిన్రు. అదే మర్యాద ఈ పిల్లలకూ దక్కాలి. ఇక చాలు, నా వల్ల కాదు అని వాళ్ళు అంటే, ముందు ఆ మాట పూర్తిగా వినాలి. పగారు లెక్క తర్వాత చూసుకోవచ్చు.