ఒక్క అక్షరానికి ఐఫోన్ ఎందుకు ఆగిపోయింది?

ఆపరేటింగ్ సిస్టమ్ అనగానే 'అది కంప్యూటర్ సైన్స్ వాళ్ల గొడవ, తెలుగు శాఖ గోడ మీద దానికేం పని?' అని మీరు అనుకోవచ్చు. పని ఉంది. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లను ఆపేసింది. ఆ అక్షరం 'జ్ఞా'. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఏం చేస్తుందో చూడాలి.

లైబ్రరీలో పుస్తకం కావాలంటే బీరువా మనం తెరవం. చీటీ ఇస్తాం, అక్కడున్నవాళ్లు తెచ్చి ఇస్తారు. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో, ఎవరి వంతు ముందో వాళ్లే చూసుకుంటారు. ఫోన్‌లో వాట్సాప్, కెమెరా, పాటల యాప్ కూడా అంతే. అవి యంత్రాన్ని నేరుగా ముట్టుకోవు. కావలసింది ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతాయి. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్‌లో ఉండే ఐఓఎస్, అన్నీ ఈ పని చేసేవే.

మనం పాట వింటూ మెసేజ్ టైపు చేస్తే రెండూ ఒకేసారి నడుస్తున్నట్టు ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సెకనును చాలా చిన్న ముక్కలు చేసి, ప్రాసెసర్‌ని వాటికి వంతులవారీగా ఇస్తుంది. ఒక యాప్‌కి ఇచ్చిన మెమరీలోకి ఇంకొకటి చొరబడకుండా కాపలా కాస్తుంది. ఫైలు పేరు చెబితే వెతికి తెస్తుంది. కెమెరా, మైకు వాడుకోవాలంటే ముందు మన అనుమతి అడుగుతుంది.

మన శాఖకు దగ్గరైన పని ఇంకొకటి ఉంది: అక్షరాలు చూపించడం. ఈ గోడపత్రిక మనం చేత్తో రాస్తాం. ఒత్తు ఎక్కడ పెట్టాలో మన చేతికి తెలుసు. యంత్రానికి తెలిసింది అంకెలే. అందుకే యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక సంఖ్య ఇచ్చారు. 'స్త్రీ' అని రాస్తే లోపల ఆరు సంఖ్యలు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. వాటిని ఒక్క అక్షరంగా పేర్చి తెర మీద గీయాలి.

మా ఇంట్లో అమ్మది తమిళం, నాన్నది తెలుగు. తమిళంలో 'అమ్మా' రాస్తే రెండు మకారాలూ పక్కపక్కనే కూర్చుంటాయి, మొదటిదాని నెత్తిన చుక్క పెడితే చాలు. తెలుగులో రెండో మకారం ఒత్తుగా మారి కిందికి దిగాలి. కాబట్టి మన లిపికి పేర్చే పని ఎక్కువ.

ఇక 'జ్ఞా' సంగతి. ఆ సంఖ్యల వరుసలో కంటికి కనబడని గుర్తు ఒకటి కలిసి వచ్చినప్పుడు, ఐఓఎస్ 11లో అక్షరాలు గీసే భాగం తడబడింది. మెసేజ్ తెరిస్తే యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. ఒక్క యాప్ కాదు, చాలా యాప్‌లు ఇలాగే ఆగిపోయాయి. ఎందుకంటే అక్షరం గీయమని అవన్నీ అడిగేది ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ని. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి దీన్ని సరిచేసింది.

అప్పట్లో 'ఫోన్‌ని ఆపేసే తెలుగు అక్షరం' అని చెప్పుకున్నారు. అక్షరం తప్పేమీ లేదండీ. కొన్ని బెంగాలీ అక్షరాలకూ అలాగే జరిగింది. తప్పు గీసే ప్రోగ్రాములో ఉంది. ఆ ప్రోగ్రాము రాసేవాళ్లకు మన ఒత్తులు, గుణింతాలు ఎలా కలుస్తాయో ఎవరో ఒకరు చెప్పాలి, రాశాక పరీక్షించి చూడాలి. అది కోడ్ తెలిసినవాళ్లు ఒక్కరే చేయగలిగిన పని కాదు. సంయుక్తాక్షరాలు చదువుకున్న మనలాంటివాళ్లకూ అందులో చోటుంది.

నమ్మకం లేకపోతే ఈ రోజే మీ ఫోన్‌లో 'కార్త్స్న్యం' అని టైపు చేయండి. పన్నెండు సంఖ్యలు. తర్వాత కాగితం మీద మీ చేత్తో రాసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ఈ పత్రిక కింద ఖాళీలో రాసి వెళ్లండి.