తూకం 2 కిలోలు, చార్జి 6 కిలోలకి

మా కలకడ ఇంట్లో పడున్న పాత స్పీకర్లని ఆన్‌లైన్ వేలంలో పెట్టా. 700కి పోయాయి. పోస్టేజీ 150 అని అందాజాగా రాసేశా. తీరా కొరియర్‌లో 390 అన్నారు. మిగతాది పంపమంటే కొన్నాయన, "ఏం తమ్ముడూ, రాసిందొకటి, అడిగేదొకటా?" అన్నాడు.

అసలు కిటుకు డబ్బాలో ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి. నా డబ్బా 40×30×25, అంటే 6 కిలోలు. తూకం 2 కిలోలే! రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జి. లోపల సగం థర్మాకోలే మరి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్లు పోస్టేజీతో సహా ధర విడగొట్టి ముందే చూపాలి. ఎప్పుడో ఒకసారి సొంత సామాను అమ్ముకునే నాలాంటోళ్లకి అది వర్తించదు. అయినా ఆ 150 రాసింది నేనే కదా! మిగతా 240 నేనే కట్టా. చేతికొచ్చింది 460, థర్మాకోల్ ఖర్చు కాక.