పులుసు పెట్టడం వచ్చినవాళ్లకు వైన్ కొత్త కాదు

చింతపండుకు ఆ పులుపునిచ్చేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ప్రధానంగా ఉండేదీ అదే. ద్రాక్షరసం పులిసి వైన్‌గా మారాక పండులోని చక్కెర చాలావరకు ఆల్కహాల్ అయిపోతుంది గాని, ఈ ఆమ్లం మాత్రం అలాగే నిలబడుతుంది. భోజనంలోకి ఏ వైన్ నప్పుతుంది, వంటలో ఏది పోయాలి అనే ప్రశ్నలకు సగం జవాబు ఈ పులుపులోనే ఉంది. సీసా మీది పేర్లు, సంవత్సరాలు, కోటల బొమ్మలు తరవాతి సంగతి.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటున్న మనవాళ్లకు ఈ అవసరం తరచుగానే వస్తుంది. పక్కింటివాళ్లు భోజనానికి పిలుస్తారు, ఓ సీసా పట్టుకెళ్లాలి. లేదా పిల్లలు రిసోటో అనే ఇటలీ అన్నం వంటకం అడుగుతారు, వంట పుస్తకంలో ‘అర కప్పు డ్రై వైట్ వైన్’ అని ఉంటుంది. డ్రై అంటే తీపి లేనిదని అర్థం, అంతే. అయినా దుకాణంలో అరల నిండా సీసాలు చూసేసరికి చాలామంది బెదిరిపోతారు. ‘ఎర్ర మాంసానికి ఎర్ర వైన్, తెల్ల మాంసానికి తెల్ల వైన్’ అన్న పాత సూత్రాన్ని పట్టుకుంటారు. అది పూర్తిగా తప్పని అనను. కానీ రంగును చూడమంటుంది, రుచిని చూడమనదు. అందుకే సగం సార్లు దారి తప్పిస్తుంది.

ఆ సూత్రం వెనక ఉన్న అసలు కారణం వగరు. ఎర్ర వైన్ చేసేటప్పుడు నల్లద్రాక్షను తొక్కలు, గింజలతో సహా పులియబెడతారు. రంగుతో పాటు టానిన్లు అనే వగరు పదార్థాలూ రసంలోకి దిగుతాయి. ఇవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటాయి. నోట్లో జారుడు పోయి, నేరేడుపళ్లు తిన్నాక అనిపించినట్టు నాలుక పిడచకట్టుకుపోతుంది. అదే సమయంలో నోట్లో కొవ్వున్న మాంసం ముక్క ఉంటే టానిన్లకు పట్టుకోడానికి వేరే ప్రొటీన్ దొరుకుతుంది, కొవ్వు నాలుకకు పూతలా నిలుస్తుంది, వగరు మెత్తబడుతుంది. ఫ్రాన్సులో బోర్డో దగ్గర పోయాక్ అనే ఊళ్లో కాబెర్నే సావిన్యాన్ ద్రాక్షతో చేసే వగరు వైన్‌కూ, ఆ ఊరి లేత గొర్రె మాంసానికీ జోడీ కుదిరింది ఇందుకే.

చేపతో ఎర్ర వైన్ తాగితే కొన్నిసార్లు నోట్లో నీచువాసన మిగులుతుంది. దీనికి కూడా టానిన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు. 2009లో జపాన్ పరిశోధకులు అసలు దోషి ఇనుమని చూపించారు. వైన్‌లో కరిగి ఉన్న ఇనుము ఎక్కువైనకొద్దీ సముద్రపు ఆహారంలోని కొవ్వులతో కలిసి ఆ వాసన పుట్టిస్తోంది. ఇనుము తక్కువ ఉన్న ఎర్ర వైన్ అయితే చేపతో ఏ పేచీ లేదు. అందుకే రంగుతో మొదలుపెట్టొద్దంటున్నాను.

మరి దేనితో మొదలుపెట్టాలి? పళ్లెంలో ఉన్నదాని పులుపుతో. వంటకం వైన్‌కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. టమాటా సాస్ పోసిన పాస్తాకు ఇటలీవాళ్లు కియాంటిని వాడేది, ఆ వైన్‌లో కూడా టమాటాకు దీటైన పులుపు ఉండబట్టే. తీపి విషయంలోనూ ఇదే లెక్క. మిఠాయికంటే వైన్ తియ్యగా ఉండాలి, లేదంటే ఎంత మంచి వైనైనా ఉత్త పులిసిన నీళ్లయిపోతుంది. ఉప్పు మాత్రం అందరికీ చుట్టమే. పులుపునూ వగరునూ తగ్గించి చూపిస్తుంది. ఉప్పగా ఉండే రోక్‌ఫోర్ చీజ్‌తో తియ్యని సోటెర్న్ వైన్ తాగే ఫ్రెంచివాళ్ల అలవాటు వింతగా కనిపిస్తుంది గాని, ఒక్కసారి రుచి చూస్తే ఇక అడగక్కర్లేదు. నూనెలో వేయించినవాటికి బుడగలు వచ్చే పుల్లటి వైన్ బాగుంటుంది. వేడివేడి చేప వేపుడు నాలుగు ముక్కలు తిన్నాక నోట్లో పేరుకున్న నూనెను అది కడిగేస్తుంది.

ఇక కారం. మన దగ్గర అసలు పరీక్ష ఇక్కడే. మిరపకాయలోని కాప్సైసిన్, నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. మామూలుగా ఆ గ్రాహకం 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. ఆల్కహాల్ తగిలితే ఆ గీత 34 డిగ్రీల దాకా దిగిపోతుందని ప్రయోగాల్లో తేలింది. అంటే మన ఒంటి వేడే దానికి మంటలా తోస్తుంది. గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడు మీద 14 శాతం పైగా ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ తాగితే మంట రెట్టింపైనట్టు అనిపించేది అందుకే. దానికి టానిన్ల గరుకు కూడా తోడవుతుంది. కారానికి కావాల్సింది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం: ఆల్కహాల్ తక్కువ, కాస్త తీపి, బాగా చల్లదనం. జర్మనీలో మోసెల్ నది లోయలో చేసే రీస్లింగ్ అనే తెల్ల వైన్లలో కాబినెట్ రకం 8, 9 శాతం ఆల్కహాల్‌తోనే వస్తుంది. పులుపు నిండుగా ఉంటుంది, ఆ పులుపును సరితూచేంత తీపీ ఉంటుంది. మన దేశంలో నాసిక్ ప్రాంతపు చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్లలోనూ కొన్ని కాస్త తీపిగా ఉంటాయి.

అయినా ఆవకాయ, గోంగూర, ఊరమిరపకాయలు అన్నీ వడ్డించిన విస్తరికి వైన్‌ని జత చెయ్యాలన్న తాపత్రయం నాకు లేదు. అక్కడ మజ్జిగే సరైనది. పాలల్లోని కేసీన్ అనే ప్రొటీన్ కాప్సైసిన్‌ని పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. ఏ వైనూ ఆ పని చెయ్యలేదు.

గ్లాసులోంచి గిన్నెలోకి వద్దాం. వంటలో వైన్ ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంతో ముడిపడిన కోక్ ఓ వాన్‌ని చూడాలి. పేరుకు తగ్గట్టే ఇది వైన్‌లో ఉడికించిన కోడిపుంజు. ముదిరిన పుంజు మాంసం గట్టిగా, పీచుగా ఉంటుంది. ముక్కలు కోసి, ఉల్లిపాయ, క్యారెట్, బిర్యానీ ఆకు లాంటి ఆకులు వేసి రాత్రంతా ఎర్ర వైన్‌లో నానబెడతారు. మర్నాడు ముక్కల్ని తడి లేకుండా తుడిచి, పంది కొవ్వులో ఎర్రగా వేయిస్తారు. నానబెట్టిన వైన్ మళ్లీ పోసి, సన్నని సెగ మీద రెండు మూడు గంటలు ఉడికిస్తారు. చిన్న ఉల్లిపాయలు, పుట్టగొడుగులు చివర్లో పడతాయి. మొదట ఊదారంగులో పలచగా, పచ్చి వాసనతో ఉన్న పులుసు, దించేసరికి గోధుమరంగు తిరిగి గరిటెకు అంటుకునేంత చిక్కబడుతుంది.

ఆ గంటల్లో జరిగేది ఇది. ఘుమఘుమలు, సున్నితమైన పరిమళాలు ఆవిరితో పోతాయి. ఆల్కహాల్ చాలావరకు పోతుంది. పులుపు, మిగిలిన చక్కెర, టానిన్లు ఎక్కడికీ పోవు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి. పుంజు కీళ్లలోంచీ చర్మంలోంచీ జెలటిన్ దిగి టానిన్లను పట్టుకుంటుంది కాబట్టి వగరు విరుగుతుంది. ఇది తెలిస్తే వంటకు వైన్ ఎంచుకోవడం తేలిక. ఉత్త కూరగాయలతో ఎర్ర వైన్ సాస్ మరిగిస్తే ఆ జెలటిన్ ఉండదు, వగరు నోటికి పట్టేస్తుంది. అలాంటప్పుడు పినో న్వార్ లాంటి వగరు తక్కువ రకమే మంచిది. కోక్ ఓ వాన్‌కి బర్గండీవాళ్లు వాడేదీ అదే. తెల్లవాటిలో సావిన్యాన్ బ్లాంక్, పినో గ్రీజియో లాంటివి చాలు. ఓక్ పీపాల్లో ఊరినవి వద్దు, ఇగిరినకొద్దీ ఆ చెక్క రుచి చేదెక్కుతుంది. తీపి వైన్ ఇగిరితే పాకంలా తేలుతుంది.

ఇక్కడ కూడా ఒకే సూత్రం పట్టుకుని వేలాడక్కర్లేదు. ఇదే కోడిని ఫ్రాన్సులోనే అల్సాస్ ప్రాంతంలో తెల్లని రీస్లింగ్‌లో వండుతారు. జ్యూరా కొండల్లో వాన్ జోన్ అనే పసుపుపచ్చని వైన్‌లో, మొరెల్ పుట్టగొడుగులతో వండుతారు. ఏ ఊరివాళ్లు ఆ ఊరి వైన్ పోసుకున్నారు. పులుపు అన్నిటిలోనూ ఉంది.

తాగడానికి పనికిరాని వైన్ వంటకీ పనికిరాదని ఒక మాట ప్రచారంలో ఉంది. చెడిపోయిన సీసా విషయంలో అది నిజమే. ధర విషయంలో కాదు. ఖరీదైన సీసాలో మనం డబ్బు పోసి కొనేది పరిమళాన్ని, పొయ్యి మీద మొదట ఎగిరిపోయేది అదే. చౌకలో దొరికే శుభ్రమైన వైన్ నిస్సంకోచంగా పోయండి. మంచిదాన్ని గ్లాసులకు ఉంచండి. ‘కుకింగ్ వైన్’ అని సూపర్ మార్కెట్లో అమ్మేదాన్ని మాత్రం కొనొద్దు. తాగడానికి వీల్లేకుండా దాన్లో ఉప్పు కలుపుతారు. పులుసు ఇగిరేసరికి ఆ ఉప్పు నోట పెట్టనివ్వదు.

పులుసు మర్యాదలన్నీ వైన్‌కీ వర్తిస్తాయి. కందిపప్పు ఉడకకముందే చింతపండు రసం పోస్తే పప్పు ఎంతకీ మెత్తబడదని మన వంటిళ్లలో తెలియనివాళ్లుండరు. వైన్‌లో బీన్స్, బంగాళాదుంపలు కూడా అంతే, ముందు ఉడికాకే పోయాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచనట్టే వైన్‌నీ ఉత్త అల్యూమినియంలో మరిగించకూడదు. స్టీలు గిన్నె మంచిది. మీగడ వెయ్యాల్సి ఉంటే వైన్ సగానికి ఇగిరి, సెగ తగ్గించాకే వెయ్యాలి, లేదంటే విరిగిపోతుంది.

చివరగా ఒక సంగతి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఉడికితే ఆల్కహాల్ అంతా పోతుందని అనుకుంటారు. పోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం, కలిపి 15 నిమిషాలు ఉడికిస్తే పోసినదాంట్లో 40 శాతం మిగులుతుంది. అరగంటకు 35, గంటకు 25, రెండు గంటలకు 10, రెండున్నర గంటలకు 5 శాతం. బ్రాందీ పోసి మంట అంటించే వంటల్లో అయితే 75 శాతం అక్కడే ఉంటుంది. ముదురు పుంజు మూడు గంటలు ఉడుకుతుంది కాబట్టి దాంట్లో మిగిలేది స్వల్పం. అదే బ్రాయిలర్ కోడి అరగంటకే ఉడికిపోతుంది. బ్రాయిలర్‌తో చేసేవాళ్లు వైన్‌ని ముందే విడిగా సగానికి ఇగరబెట్టుకుని ఆ తరవాత ముక్కలు వెయ్యడం మేలు.

పిల్లలు, గర్భిణులు, మతాచారం వల్లో మానేసిన అలవాటు వల్లో ముట్టనివాళ్లు పంక్తిలో ఉంటే వడ్డించకముందే చెప్పాలి. రిసోటో లాంటివాటికి వైన్ బదులు కూరగాయల రసంలో నిమ్మరసం పిండితే ఆ పులుపు వస్తుంది. ఎర్ర సాసులకు తీపి కలపని దానిమ్మరసం పులుపుతో పాటు కాస్త వగరునూ ఇస్తుంది. కోక్ ఓ వాన్‌కి మాత్రం బదులు లేదు. వాళ్లకోసం విడిగా ఇంకో కూర వండాల్సిందే.